మెలకువ రాని కల

మా ఊరి హైస్కూలుకి పిల్లల మనసులు చూసే మనిషిని సర్కారు పంపిస్తోందని తెలిసినప్పుడు ఊళ్లో సగం మంది నవ్వారు. మిగతా సగం మందికి నవ్వే తీరిక లేదు, పత్తి తీతలు నడుస్తున్నాయి. లెక్కల మాస్టారు బదిలీ అయి ఏడాది దాటినా ఆ ఖాళీ నింపనివాళ్లు, పిల్లల మనసులకి మాత్రం జీతమిచ్చి మనిషిని పెట్టారంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. నేను ఆ బడిలో సోషల్ చెబుతాను, ఏడాదిగా లెక్కలు కూడా నా మెడకే చుట్టుకున్నాయి. దీన్ని పైలట్ ప్రాజెక్టు అన్నారు. ఒక్క ఏడాదికే డబ్బు మంజూరైంది, మేలు కనిపిస్తే కొనసాగిస్తారు, లేకపోతే లేదు. ఆరో తరగతి పిల్లల చెవిన పైలట్ అన్న మాట ఒక్కటే పడింది. వచ్చే మేడమ్ విమానం నడుపుతుందని వాళ్లు గట్టిగా నమ్మారు.

ఆ పిల్లల ఆశ అడియాస చేస్తూ రచన ప్రత్తిపాడు నుంచి షేర్ ఆటోలో దిగింది. చీరాల నేత కుటుంబం, విశాఖలో చదువుకుంది, ముప్పై కూడా ఉండవు. మా హెడ్మిస్ట్రెస్ శ్యామలాంబగారు ఆమెకి నా మ్యాపుల గది ఇచ్చేశారు. నా ప్రపంచ పటాలు, గ్లోబు, అన్నీ స్టాఫ్ రూము అటక ఎక్కాయి. నేను చాలా రోజులు ముభావంగా ఉన్నాను. ఎవరూ గమనించలేదు.

గది తలుపు మీద ‘మానసిక ఆరోగ్య సలహా కేంద్రం’ అని పెద్ద అక్షరాలతో బోర్డు రాయించారు. ఆ మొదటి మాట చదివాక ఒక్క పిల్లాడు అటువైపు అడుగేస్తే ఒట్టు. మా వైపు మానసికం అంటే పిచ్చి, పిచ్చి అంటే ఇంటిల్లిపాదికీ పెళ్లి సంబంధాలు తప్పిపోవడం. పిల్లలు ఆ వరండా వదిలేసి, గ్రౌండు చుట్టూ తిరిగి మంచినీళ్ల కుళాయి దగ్గరికి వెళ్లేవాళ్లు. రచన మాత్రం రోజూ బల్ల తుడుచుకుని, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని కూర్చునేది. చేలమీది గాలికి దూది పింజలు తేలి వచ్చి కిటికీ ఊచలకి పట్టుకునేవి. కొన్నాళ్లపాటు ఆ గదికి వచ్చిన చుట్టాలు అవే.

ఒకరోజు ప్రార్థన అయిపోయాక ఆమె మైకు అడిగి తీసుకుని, తనకి తెల్లవారుజామున ఒక కల వచ్చిందని చెప్పింది. చీరాలలో వాళ్ల నాయనమ్మ మగ్గం గుంటలో కాళ్లు పెట్టేముందు ఇంట్లో అందరి కలలూ అడిగేదట. కల కడుపులో పెట్టుకుని నేతకి కూర్చుంటే పోగు తెగుతుందని ఆవిడ నమ్మకం. రచన కలలో కొత్తపట్నం సముద్రం మా బడి గ్రౌండు దాకా వచ్చేసింది. శ్యామలాంబగారు చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో నిలబడి హాజరు పిలుస్తున్నారు. చేపలు ‘ప్రెజెంట్ మేడమ్’ అంటున్నాయి. పిల్లలు పడీపడీ నవ్వారు. శ్యామలాంబగారు నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడ్డారు. కలలు ఎవరికైనా వస్తే మధ్యాహ్నం అన్నాలు తిన్నాక గదికి వచ్చి చెప్పిపోవచ్చని రచన అంది.

కల చెప్పుకోవడానికి పిచ్చి ఉండాల్సిన పని లేదు కదా. మొదట ఇద్దరు ముగ్గురు వచ్చారు, తర్వాత వరండాలో వరస కట్టారు. ఒక పిల్ల కలలో పత్తికాయ పగిలితే లోపల, ఎప్పుడో జ్వరంతో పోయిన చెల్లెలు ముడుచుకుని నిద్రపోతోంది. ఒకడి కలలో గుంటూరు మిర్చి యార్డులోని టిక్కీ బస్తాలన్నీ కొంగల్లా ఎగిరిపోయి సింగరాయకొండ గుడి మీద వాలాయి. ఇంకొకడికి ఎప్పుడూ పరీక్ష హాలే, చేతిలో పెన్ను ఉండాల్సిన చోట మిరపకాయ. ఎవరి కల ఎలా తిరిగినా చివరికి అందరూ ఒకే మాట అనేవాళ్లు: “అప్పుడు మెలకువొచ్చింది మేడమ్.” రచన ఆ మాట వచ్చేదాకా మాట్లాడేది కాదు. వచ్చాక నెమ్మదిగా ఒకటో రెండో ప్రశ్నలు వేసేది. తాగొచ్చి కొట్టే తండ్రి సంగతి, బస్సులో వెంటపడేవాడి సంగతి ఆ ప్రశ్నల తర్వాత బయటికొచ్చేవి. అవి ఆమె దగ్గరే ఉండిపోయేవి. స్టాఫ్ రూములో మేం ఎంత కూపీ లాగినా ఒక్క పేరు కూడా చెప్పేది కాదు.

ఆ చలికాలమంతా మా బడి సగం నిద్రలో నడిచినట్టు నాకు గుర్తు. పొద్దున్నే పొగమంచు చేలమీంచి వచ్చి తరగతుల్లో కూర్చునేది, హాజరు పిలుస్తుంటే గొంతు ఎక్కడి నుంచి పలుకుతోందో తెలిసేది కాదు. మంచు విడిచేసరికి బడి గోడ అవతల కల్లాల్లో మిరపకాయలు పరిచి ఉండేవి, కంటికి ఆనినంత మేర ఎరుపు. ఆ ఎరుపు మీదుగా వచ్చే ఎండ పిల్లల తెల్ల చొక్కాలని గులాబి రంగు చేసేది. పాఠం మధ్యలో ఎవడో తుమ్మేవాడు, వెంటనే తరగతంతా తుమ్మేది, మళ్లీ అందరం ఎక్కడున్నామో గుర్తు తెచ్చుకునేవాళ్లం. నాకూ కలలు రావడం మొదలైంది. చెప్పుకోవడానికి మాత్రం వెళ్లలేదు. నా మ్యాపుల గదికి నేనే చుట్టపుచూపుగా వెళ్లడమా అని పట్టుదల. ఊళ్లోవాళ్లు మాత్రం సర్కారు కలలకి కూడా జీతమిస్తోందని రచ్చబండ మీద చెప్పుకుని నవ్వుకున్నారు.

రెబ్కా తొమ్మిదో తరగతి పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి జక్రయ్య కౌలుకి మిరప వేస్తాడు. పోయిన ఏడు నల్ల తామరపురుగు పూత మీద పడి చేనంతా ముడుచుకుపోయింది, ఈ ఏడూ అదే వరస. ఆ పిల్ల ఒకరోజు కుళాయి దగ్గర స్నేహితురాళ్లకి, తండ్రి చచ్చిపోయినట్టు కలొచ్చిందని చెప్పింది. మా వైపు ఎవరైనా పోయినట్టు కల వస్తే ఆ మనిషికి ఆయుష్షు పెరుగుతుందంటారు. పిల్లలు ఆ మాటే అన్నారు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడా అదే అంది. శ్యామలాంబగారు పేపర్లు దిద్దుతూ తలెత్తకుండానే, మీ నాన్నకి నూరేళ్లు పో, అన్నారు. రెబ్కా సరేనన్నట్టు నవ్వి వెళ్లిపోయేది. కొన్నాళ్లకి మళ్లీ అదే కల ఇంకెవరికో చెప్పేది. జక్రయ్య రెండొందల ఏళ్లు బతికేలా ఉన్నాడని స్టాఫ్ రూములో నవ్వుకున్నాం. మేం ఇచ్చింది దీవెనే, అందుకే అందులో తప్పేముందో ఎవరికీ తోచలేదు.

ఆ పిల్ల రచన గదికి అందరికంటే ఆఖర్న వెళ్లింది. అక్కడ జరిగింది నాకు చాలా తర్వాత, అందరికీ తెలిశాక, శ్యామలాంబగారు చెప్పారు. రెబ్కా పుస్తకాల సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని, అందరికీ చెప్పినట్టే చెప్పింది. రచన కూడా ముందు మా అందరిలాగే, చీరాలలోనూ ఆయుష్షు పెరుగుతుందంటారని అంది. తర్వాత అలవాటు ప్రకారం ఆ చివరి మాట కోసం ఆగింది. అది రాలేదు.

“తర్వాత?” అని అడిగింది.

“తర్వాత డబ్బా నా సంచీలో పెట్టుకున్నానండి. నాన్నకి అన్నం పెట్టాను. తినేదాకా కూర్చున్నాను. బడికొచ్చాను.”

“మెలకువ ఎప్పుడొచ్చింది రెబ్కా?”

“రాలేదండి.”

రచన లేచి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంది. సంచీ ఇటివ్వమని అడిగింది. రెబ్కా చాలాసేపు ఇవ్వలేదు, తర్వాత ఇచ్చింది. అందులో సోషల్ పుస్తకం కింద పురుగుమందు డబ్బా ఉంది. రోజూ పొద్దున్నే చేని పాకలో వెతికి, దొరికినదల్లా సంచీలో వేసుకుని బడికి తెచ్చుకోవడం, సాయంత్రం తండ్రి కంటే ముందు ఇల్లు చేరడం ఆ పిల్లకి అలవాటైపోయింది. నాన్న చావాలనుకుంటున్నాడు అని చెబితే పరువు పోతుంది, నాన్న చచ్చిపోయినట్టు కలొచ్చింది అంటే ఎవరైనా వింటారు. వింటున్నారు కూడా. విని దీవించి పంపిస్తున్నారు.

డబ్బా శ్యామలాంబగారి బీరువాలో పెట్టి తాళం వేశారు. రచనకి బండి నడపడం రాదు. శ్యామలాంబగారు కొంగు నడుముకి దోపుకుని, రచననీ రెబ్కానీ వెనక కూర్చోబెట్టుకుని స్కూటీ మీద డొంకదారి పట్టారు. ఆవిడది పౌరోహిత్యం చేసే ఇల్లు, తండ్రి కాలంలో ఆ చేల వైపు వాళ్లింట్లో ఎవరూ కాలు పెట్టలేదు. ఏరేసిన పత్తిచేలల్లో మోడులకి అక్కడక్కడా దూది వేలాడుతోంది. ఎండ కన్ను చెదిరేలా ఉంది, దారి ముందుకు కదలుతోందో తాము కదలుతున్నారో తెలియలేదన్నారు ఆవిడ. తను నిద్రపోతున్నాననీ, ఎవరో లేపితే బాగుండుననీ అనిపించిందట.

జక్రయ్య పాక ముందు కల్లంలో ఉన్నాడు. చేతికొచ్చిన కాయ కొంచెమే. అది కూడా ఎండబోసి, ముందు కూర్చుని ఊరికే చూస్తున్నాడు. రచన వెళ్లి ఆయన పక్కన నేల మీద కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది. ఏది తాలో ఆమెకి సరిగా తెలియక మంచి కాయ కూడా పక్కన పడేస్తుంటే, ఆయన చెయ్యి చాచి దాన్ని మళ్లీ కుప్పలో వేశాడు. అలా చాలాసేపు ఇద్దరూ ఏరారు. రెబ్కా దూరంగా, గట్టు మీద నిలబడి ఉంది. శ్యామలాంబగారి కళ్లు నీళ్లు కారుతున్నాయి, అందులో సగమే ఘాటు.

అప్పుడు రచన తలెత్తకుండా అడిగింది. “చచ్చిపోవాలనిపిస్తోందా జక్రయ్యగారూ?”

అలాంటి మాట అంత మామూలుగా అడగొచ్చని శ్యామలాంబగారికి తెలియదు. జక్రయ్యని గారూ అన్నవాళ్లు కూడా మా ఊళ్లో లేరు. ఆయన చేతిలోని కాయని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అనిపిస్తోందమ్మా,” అన్నాడు. “నన్నీ మాట ఎవరూ అడగలేదు.”

ఆ సాయంత్రానికి పాకలో మందు అన్నది లేకుండా తీయించేశారు. సింగరాయకొండ నుంచి ఆయన బావమరిది వచ్చి కొన్నాళ్లు ఉన్నాడు. గుంటూరు పెద్దాసుపత్రికి రచన తనే వెంట తీసుకువెళ్లింది, మాత్రలు రాయించింది, వేసుకుంటున్నాడో లేదో వారం వారం కనుక్కుంది. రెబ్కాకి పొద్దున్నే పాక వెతికే పని తప్పించడానికి మాత్రం ఆమెకి ఎక్కువ కాలం పట్టింది. ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం గదికి వెళ్లేది. కొన్నిసార్లు ఏమీ చెప్పకుండా బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయేది. రచన లేపేది కాదు. ఇదంతా తమ మధ్యే ఉంటుందని తండ్రీకూతుళ్లకి మాటిచ్చింది. శ్యామలాంబగారు కూడా ఒట్టేశారు, అంత నోటి దురుసు ఉన్న మనిషి ఆ ఒట్టు నిలబెట్టుకుంటుందని నేనైతే అనుకునేవాణ్ణి కాదు.

ఏప్రిల్‌లో మంజూరు గడువు దగ్గర పడింది. కొనసాగించాలా వద్దా అని చూడటానికి రామచంద్రమూర్తిగారనే అధికారి వచ్చాడు. తల్లిదండ్రుల కమిటీ సమావేశం పెట్టించి, గ్రౌండులో షామియానా కింద కూర్చున్నాడు. చెడ్డ మనిషేం కాదు. ఎండకి అలిసిపోయి ఉన్నాడు, మజ్జిగ ఇచ్చిన పిల్లకి కూడా థాంక్స్ చెప్పాడు. విషయం దాచకుండా చెప్పేశాడు. డబ్బు తక్కువుంది, అడిగే బడులు ఎక్కువున్నాయి. మేలు రుజువు కాని చోట పోస్టు తీసేసి డివిజను మొత్తానికి ఒక మనిషిని ఇస్తారు. ఆ మనిషి మా ఊరు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అంటే రెబ్కా పదో తరగతికి వచ్చేసరికి ఆ గదిలో నా మ్యాపులు ఉంటాయి, ఆ పిల్ల మళ్లీ ఒక్కతే పాక వెతుక్కుంటుంది. అప్పటికి నాకు ఈ సంగతేదీ తెలియదు. గది తిరిగొస్తుందని లోపల్లోపల సంతోషంగానే ఉన్నాను.

ఏడాదంతా పిల్లల చేత కలలు చెప్పించుకున్నారని పైకి తెలిసిందనీ, దాన్ని తను పైవాళ్లకి ఎలా చెప్పాలో తెలియడం లేదనీ అన్నాడాయన. అమ్మలూ నాన్నలూ ముసిముసిగా నవ్వారు.

“నాకు నమ్మకం లేక కాదమ్మా,” అన్నాడు రచనతో. “ఫలానా ఊళ్లో ఫలానా మనిషికి ఈ డబ్బు వల్ల ఈ మేలు జరిగింది అని పైన చూపించాలి. ఒక్క పేరు చెప్పండి చాలు.”

“పేరు చెప్పనని మాటిచ్చాకే వాళ్లు నాతో మాట్లాడారు సార్,” అంది రచన. “చెబితే ఇంక ఎవరూ రారు.”

“చెప్పకపోతే గదే ఉండదు కదమ్మా.”

శ్యామలాంబగారు లేచారు. నోరు తెరిచారు. ఎదురుగా పట్టాల మీద కూర్చున్న ఆడపిల్లల్లో రెబ్కా ఆవిడ వైపే చూస్తోంది. ఆవిడ అలాగే నిలబడి, కొంగుతో మొహం తుడుచుకుని, కూర్చుండిపోయారు. మాట పడితే ఊరుకోని మనిషి అలా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. రామచంద్రమూర్తిగారు పెన్ను మూత పెట్టబోయాడు.

సైకిళ్లు పెట్టేచోట నిలబడిన మగవాళ్లలోంచి జక్రయ్య ముందుకొచ్చాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. కమిటీలో మెంబరు కాడు, ఆయన్ని ఎవరూ పిలవలేదు. షామియానా నీడలోకి రాకుండా ఎండలోనే ఆగాడు.

“ఆ మనిషిని నేనేనండి,” అన్నాడు. “చలికాలంలో చచ్చిపోదామనుకున్నాను. మందు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే నా కూతురు దాన్ని బడికి మోసుకొచ్చింది. ఆ బిడ్డ ఊరంతా తిరిగి చెప్పుకుందంట. ఈ అమ్మకి అర్థమైంది. అందుకని ఇయ్యాల ఇక్కడ నిలబడి ఉన్నాను.”

స్టాఫ్ రూములో నవ్వినవాళ్లం అందరం అక్కడే ఉన్నాం. ఆయుష్షు పెరిగిందన్న వంటావిడ గిన్నె కింద పెట్టేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకు నా కాళ్ల వైపు తప్ప ఎటూ చూడాలనిపించలేదు. రెబ్కా పట్టా మీద బిగుసుకుపోయి ఉంది. అన్ని నెలలు ఆ సంగతి పక్కన తండ్రి పేరు రానివ్వకుండా కాపలా కాసింది, ఇప్పుడు ఆయనే ఊరంతా వింటుండగా చెప్పేశాడు.

రామచంద్రమూర్తిగారు పెన్ను మూత పెట్టేసి, నీ పేరు రాయనులే, నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటారు, పేరు లేకుండా ఎలాగో సర్దుతాను అన్నాడు. ఆయన గొంతులో అధికారం లేదు.

“రాసుకోండయ్యా,” అన్నాడు జక్రయ్య. “పేరు లేకపోతే పైన నమ్మరన్నారు గదా. పైగా, నేను చెయ్యబోయిన పనికి నా కూతురు సిగ్గుపడి తిరగటం నాకిష్టం లేదు.”

రామచంద్రమూర్తిగారు పెన్ను మూత తీశాడు. పేరు ఏమన్నావని అడిగి, తనలో తను చదువుకుంటూ, జకరయ్య, అని రాసుకున్నాడు.

రెబ్కా లేచింది. ఆడపిల్లల మధ్యలోంచి దారి చేసుకుని, మా అందరి కుర్చీల ముందు నుంచి నడిచి బల్ల దగ్గరికి వచ్చింది. కాగితం మీదకి వంగి చూసింది. మాట గట్టిగానే వచ్చింది.

“జకరయ్య కాదు సార్, జక్రయ్య. క కింద క్రావడి పెట్టండి.” ఆయన కొట్టేసి మళ్లీ రాసేదాకా కదలకుండా చూసింది. “ఇంటిపేరు కూడా రాయండి. మల్లవరపు. మల్లవరపు జక్రయ్య, మా నాన్న.”